చిగుళ్ల నెత్తురు, మెదడులో బుడగ: ఎంతవరకు నిజం?

క్యాంపు బస్సులో ఉన్నా, రూంలో వంట చేసుకుంటూ వింటున్నా, ఐదు నిమిషాలు చెవి ఇటు పెట్టండి. నేను డాక్టర్ను కాను. ఐటీఐ చదివి, దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నా. చదివి, అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటా.

పన్ను పుచ్చితే మెదడులో నరం పగిలి చస్తారని గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. కొందరు భయపడతారు, కొందరు నవ్వి వదిలేస్తారు. రెండూ సరికాదు.

ముందు ఈ జబ్బేంటో చూద్దాం. కాంక్రీట్ పోసేటప్పుడు షట్టరింగ్ ఒకచోట బలహీనంగా ఉంటే అక్కడ పొట్ట వస్తుంది కదా. మెదడు రక్తనాళం గోడ ఒకచోట పలచబడితే నెత్తురు ఒత్తిడికి అట్లాగే ఉబ్బుతుంది. దాన్నే అన్యూరిజం అంటారు. వంద మందిలో సుమారు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. చాలామందికి జీవితాంతం పగలదు, ఉన్నట్టు కూడా తెలియదు. పగిలితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నోటి సంగతి. చిగుళ్లు వాచి ఉంటే, బ్రష్ చేసినప్పుడు కూడా నోట్లో క్రిములు నెత్తుట్లోకి పోతాయి. మామూలుగా ఒంటికే వాటిని చంపే శక్తి ఉంది. గుండె కవాటాలు ముందే పాడైనవాళ్లకు మాత్రం ఒక్కోసారి అవి అక్కడ పాతుకుంటాయి. ఆ ముక్కలు మెదడు నాళాల్లోకి పోయి గోడను తినేస్తే అన్యూరిజం వస్తుంది. ఇది అరుదు, కానీ రుజువైన మాట. 1885లోనే విలియం ఆస్లర్ అనే డాక్టర్ దీని గురించి చెప్పి పేరు పెట్టాడు.

మరి గుండె బాగున్నవాళ్లకు వచ్చే మామూలు అన్యూరిజం? పరిశోధన జరుగుతున్నది దీని మీదే. 2013లో ఫిన్లాండ్‌లోని టాంపెరే పరిశోధకులు, అన్యూరిజం పగిలిన 36 మంది నమూనాలు పరీక్షించారు. 21 మందిలో బాక్టీరియా డీఎన్ఏ దొరికింది. వాటిలో ఎక్కువ భాగం నోట్లో ఉండే రకాలే. తర్వాత అదే దేశంలో 5,170 మందిని 13 ఏళ్లు గమనించిన ఇంకో పరిశోధనలో, మొదట్లో చిగుళ్ల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ తర్వాత అన్యూరిజం పగిలే ప్రమాదం ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. గోడ పగిలినచోట చెమ్మ కనిపిస్తే, చెమ్మ వల్ల పగిలిందా, పగిలాక చెమ్మ చేరిందా అని మనం చూస్తాం కదా. ఇదీ అంతే. డీఎన్ఏ దొరికితే క్రిమి బతికి ఉన్నట్టు కాదు, అదే గోడను చెడగొట్టినట్టూ కాదు. పైగా సిగరెట్ తాగేవాళ్లకు చిగుళ్లూ పాడవుతాయి, నాళాలూ పాడవుతాయి. లెక్కల్లో రెంటినీ పూర్తిగా విడదీయడం కష్టం. పళ్లు బాగుచేయించుకుంటే అన్యూరిజం రాదని ఎవరూ రుజువు చేయలేదు. కాబట్టి సంబంధం ఉండొచ్చు, అంతవరకే.

అనుమానం లేకుండా తెలిసినవి రెండు ఉన్నాయి: పొగ, బీపీ. ఈ రెండూ అన్యూరిజం ప్రమాదాన్ని పెంచుతాయి. మన క్యాంపుల్లో రెంటికీ కొదవ లేదు. నెలకోసారైనా బీపీ చూపించుకోండి. మాత్ర రాసిచ్చి ఉంటే, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆపకండి.

చిగుళ్ల విషయంలో ఆ రుజువు కోసం ఎదురుచూడక్కర లేదు. బ్రష్ చేస్తుంటే వారాల తరబడి నెత్తురు వస్తోందంటే అది జబ్బే. వదిలేస్తే పళ్లు కదిలి ఊడతాయి, షుగర్ ఉన్నవాళ్లకు అదుపు ఇంకా కష్టమవుతుంది. నొప్పి మాత్రలతో నెట్టుకురావడం వైద్యం కాదు. ఇక్కడ మన ఇన్సూరెన్స్ కార్డుల్లో చాలావాటికి పళ్ల వైద్యం వర్తించదు, నిజమే. లీవు మీద ఊరికి పోయినప్పుడైనా ఒక పూట దానికి కేటాయించండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. గుండె కవాటం ఆపరేషన్ అయినవాళ్లు పళ్ల డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పాలి.

చివరిగా, ఫోర్‌మెన్లూ సూపర్‌వైజర్లూ బాగా గుర్తుపెట్టుకోండి. ఎండాకాలం సైట్లో ఎవరైనా పడిపోతే ఎండదెబ్బే అనుకుంటాం. చాలాసార్లు అదే అయివుంటుంది. కానీ ఆ మనిషి "అన్నా, ఒక్కసారిగా తల పగిలిపోతోంది, ఇట్లాంటి నొప్పి ఎప్పుడూ రాలేదు" అన్నాడంటే, వాంతి, మెడ పట్టేయడం, చూపు రెండుగా కనిపించడం, స్పృహ తప్పడం ఏది ఉన్నా, నీడలో పడుకోబెట్టి చూద్దాం అనకండి. నొప్పి మాత్ర ఇవ్వకండి, ఆస్పిరిన్ అసలే వద్దు. వెంటనే అంబులెన్స్ పిలవండి: యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్‌లో 999, కువైట్‌లో 112. నొప్పి ఏ టైంకి మొదలైందో రాసి వాళ్ల చేతికివ్వండి.

ఈ నంబర్ రూం తలుపు మీద రాసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.