మందు వల్లనే కళ్లు ఆర్పుతున్నాడా?



ఒక్కచోట కుదురుగా కూర్చోలేని, చదువు మీద మనసు నిలపలేని పిల్లలకు ఏడీహెచ్‌డీ ఉందని తేలితే డాక్టర్లు ఒక్కోసారి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాస్తారు. ఇది మెదడును ఉత్తేజపరిచే మందు. అది వాడుతుండగా పిల్లవాడు కళ్లు టపటపా ఆర్పడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, ఊరికే గొంతు సవరించుకోవడం మొదలుపెడితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. మందే ఇలా చేసిందని ఆ రోజే మాత్ర ఆపేస్తారు.

ఈ కదలికలను టిక్స్ అంటారు. పిల్లవాడు కావాలని చేసేవి కావు. కాసేపు ఆపుకోగలడు, కానీ తుమ్ములాగా మళ్లీ వచ్చేస్తాయి.

మరి మందే కారణమా? డాక్టర్లు కూడా చాలా ఏళ్లు అలాగే భయపడ్డారు. 2015లో అమెరికా వైద్యులు 22 అధ్యయనాల్లోని 2385 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. టిక్స్ కొత్తగా రావడమో, పెరగడమో ఉత్తేజక మందు వాడినవారిలో 5.7 శాతం మందికి జరిగింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 6.5 శాతం మందికి జరిగింది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే మందు మొదలయ్యాకే ఎందుకు కనిపిస్తాయి? ఏడీహెచ్‌డీ, టిక్స్ చాలాసార్లు ఒకే బిడ్డలో ఉంటాయి. కుదురు లేకపోవడం ముందు బయటపడుతుంది. టిక్స్ సాధారణంగా 5, 6 ఏళ్లకు మొదలై 10, 12 ఏళ్ల మధ్య ఎక్కువవుతాయి. మందు వాడే వయసూ ఇంచుమించు అదే. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతాయి.

అలాగని మందు వల్ల ఎవరికీ పెరగవని కాదు. కొందరికి పెరగవచ్చు. అప్పుడు డాక్టరు గారు మోతాదు తగ్గిస్తారు, లేదా అటోమాక్సెటిన్, క్లోనిడిన్ వంటి వేరే మందుకు మారుస్తారు.

మీరు చేయవలసినవి:

1. మందు మొదలుపెట్టక ముందు ఇలాంటి కదలికలు ఉండేవా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా, గుర్తు చేసుకుని చెప్పండి.

2. ఎప్పుడు, ఎన్నిసార్లు వస్తున్నాయో నోటుబుక్కులో రాయండి. సెల్‌ఫోనులో వీడియో తీసి చూపించండి.

3. తిట్టకండి, కొట్టకండి, పదిమందిలో ఎత్తి చూపకండి. ఆందోళన, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయి. క్లాసు టీచరుకు కూడా ఈ సంగతి చెప్పండి.

4. మందును మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు. క్లోనిడిన్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు.

5. వాడుతున్న మందులన్నీ చూపించండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి కూడా కండరాలను పట్టేయగలవు. మెడ ఒక పక్కకు మెలితిరిగినా, కనుగుడ్లు పైకి నిలిచిపోయినా, దవడ బిగుసుకున్నా అవి టిక్స్ కావు. అర్ధరాత్రయినా సరే మన క్యాజువాలిటీకి గానీ, గాంధీ ఆసుపత్రికి గానీ వెంటనే తీసుకెళ్లండి. ఇంజెక్షన్‌తో సాధారణంగా త్వరగానే సర్దుకుంటుంది.

తరగతిలో కూర్చుని నాలుగు అక్షరాలు నేర్చుకోవడానికి ఆ మందు ఆసరా అయిన పిల్లలు ఉన్నారు. భయంతో ఆపేస్తే టిక్స్ పోకపోవచ్చు, చదువు మాత్రం వెనకబడుతుంది. అందుకే ముందు డాక్టరు గారిని అడగండి. ఆసుపత్రికి రాలేని రోజున 14416 నంబరుకు, అంటే టెలీ మానస్‌కు, ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు.