కల్పిత లోకపు తిథులు, మన యింటి తిథులు

(రాయపూరు దేవేంద్ర నగరున తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సమాజ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను విన్నవింపబోవు విషయము పెద్దలకు కొంత వింతగా తోచవచ్చును. మన యిండ్లలోని యువకులు సాయంకాలము కాగానే కంప్యూటరు ముందు కూర్చుండి, అంతర్జాలము మూలమున దేశదేశముల వారితో కలసి ఆడుచున్న ఆటలను మీరెరుగుదురు. అందు మాంత్రికులు, రాక్షసులు, ఆకాశమున ఎగురు ఓడలు కలవు. ఇది కాలహరణమా కాదా యను వాదమునకు నేను దిగను. ఆ ఆటలలో కూడ నొక పంచాంగమున్నది. దానిని ఆటపై అభిమానము కల వారే గణించి, నానాటికి బాగుచేసికొనుచున్నారు. వారి విద్య మన సమాజమునకు అక్కరకు వచ్చునని నా నమ్మకము.

ఉదాహరణమునకు ఫైనల్ ఫాంటసీ 14 అను జపాను దేశపు ఆటను తీసికొందము. ఇది నేటి రూపమున 2013 ఆగస్టులో వెలువడినది. అందలి కల్పిత దేశము పేరు ఎయోర్జియా. అచ్చటి గంట మనకు 175 సెకండ్లు. అచ్చటి దినము మనకు 70 నిమిషములు. నెలకు 32 దినములు, ఏటికి 12 నెలలు. లెక్కవేసినచో వారి సంవత్సరము మన 18 దినముల 16 గంటలలో ముగియును. వారి ఎనిమిది గంటలకొకమారు, అనగా మన 23 నిమిషముల 20 సెకండ్లకొకమారు, వాతావరణము మారును. కొన్ని చేపలు నియమితమైన వేళ, నియమితమైన వాతావరణమునందు తప్ప గాలమునకు చిక్కవు. కావున ఆ వాన మన గడియారమున ఎన్ని గంటలకు కురియునో చెప్పు సాధనములను అభిమానులు జీతము బత్తెము లేకయే తయారు చేసిరి.

వారి పద్ధతి మనకు క్రొత్తది కాదు. మన సిద్ధాంతులు కలియుగాది, అనగా క్రీస్తు పూర్వము 3102 ఫిబ్రవరి 18 మొదలుకొని గడచిన దినముల సంఖ్యను అహర్గణమని పిలిచి, దానినుండి గ్రహస్థితులను సాధించిరి. కంప్యూటరు 1970 జనవరి 1 మొదలుకొని గడచిన సెకండ్లను లెక్కించును. ఆ సంఖ్యను 3600 చే గుణించి 175 చే భాగించినచో ఎయోర్జియా కాలము వచ్చును. ఇదియు అహర్గణమే, ఆది మాత్రము వేరు.

ఇట్టి సాధనమును మెరుగుపరచువాడు మొట్టమొదట చూడవలసినది గంటల తేడా. మన దేశకాలము గ్రీనిచ్ కాలముకంటె ఐదున్నర గంటలు ముందు. పూర్ణ సంఖ్యలను మాత్రమే అంగీకరించు సాధనము మనకు అరగంట తప్పును. ఆ వాన యుండునదే 23 నిమిషములు; మనవాడు గాలము పట్టుకొని వచ్చునప్పటికి వెలిసిపోయి యుండును! ఆ ఆటలో దినదినము క్రొత్త పనులు లభించు వేళ గ్రీనిచ్ కాలమున మధ్యాహ్నము మూడు గంటలు, మనకు రాత్రి ఎనిమిదిన్నర. సరిగా అన్నము వడ్డించు వేళ యగుట మన గృహిణులు గమనించియే యుందురు. ఇక ఐరోపా, అమెరికాలలో వేసవి రాగానే పలుచోట్ల గడియారములను గంటసేపు ముందునకు జరుపుదురు. కావున నేర్పరియైనవాడు గంటల తేడాను అడుగడు. ఊరి పేరు అడుగును.

ఊరి పేరు అడుగవలసిన అవసరము మన పంచాంగమునకు మరింత కలదు. ఎయోర్జియాలో అందరికిని ఒకటే గడియారము. మనకట్లు కాదు. మన గోడలపై వ్రేలాడునవి హైదరాబాదు, విజయవాడల నుండి వచ్చిన క్యాలెండర్లు. మనము చూచు సూర్యోదయము రాయపూరుది. రాయపూరు హైదరాబాదునకు తూర్పున మూడు డిగ్రీలకు పైగా నున్నది. అందుచేత ఇచ్చట సూర్యుడు పండ్రెండు, పదుమూడు నిమిషములు ముందుగా ఉదయించును. ఆ లెక్కయు రేయింబవళ్ళు సమమైన దినములకే చెల్లును. రాయపూరు ఉత్తరముగ కూడ నుండుటచే జూన్ మాసాంతమున తేడా ఇంచుమించు ఇరువది నిమిషములగును, డిసెంబరులో ఐదు నిమిషములకు తగ్గును. "పండ్రెండు నిమిషములు తీసివేయుము" అను సూత్రము పనికిరాదు.

తిథి సూర్యచంద్రుల నడిమి దూరమును బట్టి యేర్పడునది. అది దేశమంతట ఒకే క్షణమున ముగియును. మార్చి చివర ఒక తిథి ఉదయము 6 గంటల 12 నిమిషములకు ముగిసినదనుకొందము. అప్పటికి రాయపూరున సూర్యుడు ఉదయించియుండును, హైదరాబాదున ఉదయించడు. మనకు సూర్యోదయమున నున్న తిథి వారికి లేదు. అన్నదమ్ములు చెరియొక ఊరనుండి టెలిఫోనులో వాదులాడుకొనుటకు ఇది చాలును. ఇద్దరును సత్యమే చెప్పుచుందురు.

ఇంతకంటె చిక్కైనది మాసముల పేరు. మనది అమాంతము: అమావాస్యతో మాసము ముగియును. రాయపూరున మన ఇరుగుపొరుగులు వాడు హిందీ పంచాంగములు పూర్ణిమాంతములు. శుక్లపక్షమున పేళ్ళు కలియును. బహుళపక్షమున వారు ఒక పేరు ముందుందురు. మన శ్రావణ బహుళాష్టమి వారికి భాద్రపద కృష్ణాష్టమి. పండుగల విషయమున దీనివలన కీడు లేదు, అందరును ఒకే దినమున చేయుదురు.

తల్లిదండ్రుల తిథుల విషయమున కీడున్నది. ఒకని తండ్రి ఆశ్వయుజ బహుళ పంచమినాడు గతించెననుకొనుడు. కుమారుడు ఉద్యోగరీత్యా ఇచ్చటికి వచ్చి, స్థానిక పురోహితుని పిలిచి, మాసము, పక్షము, తిథి చెప్పును. ఆయన తన పంచాంగము విప్పి ఆశ్విన కృష్ణ పంచమిని చూపును. అది మన భాద్రపద బహుళ పంచమి. ఒక నెల ముందు. అది మహాళయ పక్షము కూడ నగుటచే, పితృకార్యము జరుగవలసిన దినములే కదా యని ఎవ్వరికిని సందేహము తోచదు. ఏటేట అట్లే సాగిపోవును. ఇందు పురోహితుని దోషము లేదు, కుమారుని దోషము లేదు. "ఏ మానము?" అని అడుగువాడు మధ్య లేకపోయెను.

మరియొక సూక్ష్మము. ప్రతి కార్యమునకు సూర్యోదయ తిథియే ప్రమాణము కాదు. ఉగాదికి సూర్యోదయము, దీపావళికి ప్రదోషము, శివరాత్రికి అర్ధరాత్రము, ఆబ్దికమునకు అపరాహ్ణము చూడవలెను. దినమున కొక తిథి వ్రాసి చేతులు దులుపుకొను సాధనము ఇందుకు చాలదు. అధికమాసము సరేసరి, 2023లో శ్రావణము రెండుమారులు వచ్చినది. ఏటికి పండ్రెండు నెలలే యను భావనతో కట్టిన సాధనము అచ్చట కూలును. ఎయోర్జియా చంద్రుడు 32 దినములలో బుద్ధిమంతుడై తిరిగివచ్చును. మన చంద్రుడు అట్టివాడు కాడు.

ప్రభుత్వము కూడ ఈ చిక్కును విప్ప యత్నించినది. 1952లో మేఘనాద సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘము ఏర్పడి, 1955లో నివేదిక సమర్పించినది. 1957 మార్చి 22 నుండి శక సంవత్సరపు జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. గెజెట్టుపై ఆ తేదీని ఉద్యోగులమైన మనము చూచుచునే యున్నాము. అయినను మన వంటయింటి గోడకు అది చేరలేదు. ఆజ్ఞలవలన ఇండ్లలోని అలవాట్లు మారవనుటకు వేరొక సాక్ష్యము అక్కరలేదు.

కావున నా ప్రార్థన ఇది. ఆటకొరకు వాన వేళలను సెకండ్లతో సహా గణింపగల మన యువకులు రాయపూరు తెలుగువారికొరకు ఒక తిథి సాధనమును తయారు చేయుదురు గాక. అది ఊరి పేరు అడుగవలెను. అమాంతము, పూర్ణిమాంతము రెండు పేళ్ళను ప్రక్కప్రక్కన చూపవలెను. ఏ వేళ తిథిని గ్రహించినదో చెప్పవలెను. సందేహము వచ్చినచో ఒక్క జవాబును గట్టిగా పలుకక రెండు దినములను చూపి కారణము వ్రాయవలెను. పూర్తియైన పిదప 2023 నాటి అధిక శ్రావణముతో పరీక్షించి చూడుడు. పెద్దలు తమ వంశపు తిథులను ఒక కాగితముపై వ్రాసి యీ నెలాఖరులోగా సమాజ కార్యదర్శికి అందజేయవలెను. మాసము ప్రక్కన "అమాంతము" అని వ్రాయుట మరువవలదు.