చిగుళ్ళ వ్యాధియు మధుమేహమును: స్థానికోద్యోగుల కర్తవ్యము

(పురపాలక, తాలూకా ఉద్యోగుల సమావేశమునందు ఒక వైద్యాధికారి చేసిన ఉపన్యాసపు పాఠము)



ప్రజారోగ్యమనగానే మనకు జ్ఞప్తికి వచ్చునవి మురుగుకాలువలు, త్రాగునీరు, దోమలు, అంటువ్యాధులు. ఉద్యోగుల సభలో నోటిలోని పండ్లను గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోపవచ్చును. అయినను నేడు నేను విన్నవింపబోవు విషయము మీ ఆసుపత్రులతోను, మీ పద్దు పుస్తకములతోను, మీ క్రింద పనిచేయువారి దేహములతోను సంబంధించినదే. చిగుళ్ళ వ్యాధియు మధుమేహమును ఒకదాని నొకటి పెంచు జంట వ్యాధులు. వీనిని వేర్వేరు గదులలో, వేర్వేరు పుస్తకములలో ఉంచినంతకాలము రెండును సరిగా కుదురవు. నా మనవి యంతయు ఇందులోనే యున్నది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక కచేరీ బంట్రోతు కాలిపుండుతో నాయొద్దకు వచ్చెను. వయస్సు నలువదియైదు దాటలేదు. నోరు చూడగా దవడపండ్లు ఏడు లేవు. ఏమైనవని అడిగితిని. "కదలినదానిని కదలినట్టు తీయించుకొంటినండి, మా నాయనకును ఇట్లే ఊడినవి" అని చెప్పెను. రెండేండ్లలో మూడు పర్యాయములు పండ్లు తీయించుకొనినను, చక్కెర పరీక్ష చేయించుకొమ్మని అతనికి ఎవరును చెప్పియుండలేదు. ఆనాడు రక్తము పరీక్షింపగా చక్కెర మిక్కిలి హెచ్చుగా నుండెను. పుండు మానుటకు నెలలు పట్టెను; కాలివ్రేళ్ళు రెండు పోయినవి. అతని చిగుళ్ళు ముందుగానే వార్త నందించినవి. దానిని చదువువారు లేకపోయిరి. ఇందు మా వృత్తివారి లోపము కలదు. నేనును అంతకుమునుపు మధుమేహరోగుల నోరు చూచు అలవాటు లేనివాడనే.

వ్యాధి స్వరూపము

పండ్లను శుభ్రపఱచిన కొన్ని గంటలలోనే వానిపై మెత్తని పాచి మరల చేరుట కారంభించును. అందు లెక్కకు మిక్కిలిగా సూక్ష్మజీవులుండును. దినదినము తుడువనియెడల ఆ పాచి లాలాజలములోని లవణములతో గట్టిపడి గార యగును. గార పట్టినచోట చిగురు ఉబ్బి, ఎఱ్ఱబడి, తోముకొనునపుడు నెత్తురు కాఱును. ఈ దశలో శుభ్రపఱచినచో వ్యాధి పూర్తిగా మానును. ఉపేక్షించినచో చిగురు పంటిని విడిచి, నడుమ సంచివంటి గుంట ఏర్పడును, చీము చేరును, పంటిని పట్టియుంచు ఎముక కొద్దికొద్దిగా కరగును. తుదకు పుప్పి లేని పన్ను సయితము కదలి ఊడును. పోయిన ఎముక సులభముగా తిరిగి రాదు.

ఈ వ్యాధి చాలకాలము నొప్పి లేకయే పెరుగును. కావున జనులు దీనిని ముసలితనమనియో వంశలక్షణమనియో ఎంచి ఊరకుందురు. పొగ త్రాగువారియందు నెత్తురు కాఱుట తక్కువగా కనబడును గనుక, వారికి వ్యాధి యున్నట్టే తెలియకపోవచ్చును.

రెండు వ్యాధుల సంబంధము

మన పూర్వులు ఈ రెండు వ్యాధులను ఎఱుగుదురు. సుశ్రుతసంహితయందు దంతమూలమునకు వచ్చు రోగములు వర్ణింపబడినవి, మధుమేహమును వర్ణింపబడినది. వీనికి గల లంకెను లెక్కలతో చూపుట మాత్రము ఇటీవలి కాలమున జరిగినది. అమెరికాలోని ఆరిజోనా ప్రాంతమందు పీమా యను ఆదిమజాతివారు కలరు. వారిలో మధుమేహము అత్యధికము. వారిని అనేక సంవత్సరములు పరిశీలించిన వైద్యులు, మధుమేహము గలవారికి చిగుళ్ళ వ్యాధి సుమారు మూడింతలు హెచ్చుగా కలుగుచున్నదని 1991లో ప్రకటించిరి. 1993లో హరాల్డ్ లో అను దంతవైద్యశాస్త్రజ్ఞుడు, కన్నులకును మూత్రపిండములకును నరములకును కలుగు హానుల సరసన చేర్చి, చిగుళ్ళ వ్యాధిని మధుమేహము యొక్క ఆఱవ ఉపద్రవమని పేర్కొనెను. తరువాత 1996లో, తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి గల మధుమేహరోగులకు చక్కెర అదుపు తప్పు అవకాశము సుమారు ఆఱింతలని అదే జాతివారిలో తేలెను. 2005లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో, అట్టివారికి గుండెజబ్బుచేతను మూత్రపిండముల చెడుగుచేతను మరణము మూడింతలకు మించి యున్నట్టు కనబడినది.

ఇది యెట్లు జరుగుచున్నది? రక్తమున చక్కెర హెచ్చినప్పుడు సన్నని రక్తనాళముల గోడలు చెడును. సూక్ష్మజీవులతో పోరాడు తెల్లకణములు తమ పని సరిగా చేయజాలవు. గాయము ఆలస్యముగా మానును. అందుచేత ఇతరులకు అల్పముగా పోవు చిగుళ్ళవాపు మధుమేహరోగికి ఎముకదాక పోవును. రెండవవైపు చూడుడు. నోటినిండ వ్యాధి ముదిరినప్పుడు, చిగుళ్ళ గుంటలలోని వాచిన ప్రదేశమంతయు కలిపినచో 8 మొదలు 20 చదరపు సెంటీమీటర్ల వరకు ఉండునని లెక్కవేసిరి. అంతటి పుండు చేతిమీద నున్నచో ఎవరును ఒకదినమైన ఓర్వరు. ఆ పుండునుండి వాపును కలిగించు పదార్థములు రక్తములో ప్రవేశించి, ఇన్సులిన్ పనికి అడ్డుతగులును. చక్కెర హెచ్చును, హెచ్చిన చక్కెర చిగుళ్ళను మరల చెఱుచును. ఇంతలో పండ్లు పోయినవాడు జొన్నరొట్టెయు, కాయగూరలును, పప్పుదినుసులును నమలలేక మెత్తని అన్నముతోను గంజితోను కడుపు నింపుకొనును. దానివలనను చక్కెర పెరుగును.

చికిత్సాఫలము

చిగుళ్ళను బాగుచేసినచో చక్కెర తగ్గునా? ఇందు అతిశయోక్తి కూడదు. 2013లో అమెరికాలో 514 మందిపై జరిగిన పరీక్షలో, చికిత్స వలన ఆఱునెలలకు చక్కెరయందు మేలు కనబడలేదు. 2018లో ఇంగ్లండునందు 264 మందికి సంవత్సరముపాటు జరిగిన పరీక్షలో మేలు స్పష్టముగా కనబడినది. 2022లో పండితులు 35 పరీక్షల ఫలితములను కలిపి చూడగా, గార తీసి శుభ్రపఱచినవారిలో గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ మూడునాలుగు నెలలకు నూటికి 0.43 పాళ్ళును, ఆఱునెలలకు 0.30 పాళ్ళును తగ్గినదని తేలెను.

ఆ పరీక్ష యేమో మీకు సులభముగా బోధపడును. ఒకనాటి చక్కెర పరీక్ష ఆనాటి రొక్కపు నిలువ వంటిది. గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ మూడునెలల జమాఖర్చు వంటిది. ఆ ఖాతాలో 0.43 అల్పముగా తోచినను అల్పము కాదు. ఒక్కొక్క మందును అదనముగా చేర్చినప్పుడును కొందఱియందు ఇంతకు చాల మించిన ఫలము రాదు. అయినను పండ్లు శుభ్రపఱచుకొని మందు మానవచ్చునని ఎవరును తలపరాదు. మందు, పథ్యము, వ్యాయామము యథాప్రకారము సాగవలయును; చిగుళ్ళ చికిత్స వానికి తోడు.

మీరు చేయదగిన పనులు

2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి వారి లెక్క ప్రకారము మనదేశమందు మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షలు. దాని వాకిట నిలిచినవారు 13 కోట్ల 60 లక్షలు. ఇందఱి నోళ్ళను చూచుటకు క్రొత్త శాఖ అక్కఱలేదు. ఉన్న యేర్పాట్లను కలుపుటయే కావలయును. తాలూకాలున్న రాష్ట్రములందైనను, 1985 నుండి మండలములుగా మాఱిన తెలుగునాటనైనను, ఈ క్రిందివి సాధ్యములే.

1. మధుమేహరోగుల పట్టికయందు చిగుళ్ళకొక కాలమ్ ఉంచవలయును. నర్సు మూడు ప్రశ్నలు అడిగిన చాలును: తోముకొనునపుడు నెత్తురు కాఱునా? పండ్లు కదలుచున్నవా? నోటినుండి చీము గాని దుర్గంధము గాని వచ్చునా? ఒక్కదానికి అవుననినను దంతవైద్యుని యొద్దకు చీటీ వ్రాసి పంపవలయును.

2. పండ్ల ఆసుపత్రికి వచ్చినవారిలో నడివయస్సులోనే పండ్లు కదలువారికిని, చిగుళ్ళు పదేపదే చీముపట్టువారికిని ఆదినమే చక్కెర పరీక్ష జరుగవలయును. వ్రేలినుండి ఒక బొట్టు నెత్తురు, ఒక నిమిషము కాలము చాలును.

3. దంతవైద్యుడు లేనిచోట నెలకొక దినము నియమించి, సమీపమునుండి వైద్యుని రప్పింపవలయును. ఆ దినమును వీధివీధికిని ముందుగా చాటింపవలయును. పనిముట్లను ఆవిరితో శుద్ధిచేయు యంత్రము లేక గార తీయించుట ప్రమాదకరము. దాని వ్యయమును అంచనాలో చేర్చుడు.

4. పారిశుద్ధ్య కార్మికులకును, బంట్రోతులకును సంవత్సరమున కొకమాఱు ఈ రెండు పరీక్షలును జరిపింపవలయును. ఆ పూటకు కూలి కోయరాదు. కూలి కోసినచో ఎవరును రారు.

5. 2016-17 దేశపు లెక్కలో పెద్దవారియందు నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. పొగ త్రాగుట చిగుళ్ళకు గొప్ప శత్రువు. పొగాకు కలిపిన పండ్లపొడులు 1992లోనే నిషేధింపబడినవి. అట్టివి అంగళ్ళలో కనబడినచో సంబంధించిన అధికారులకు తెలుపుడు.

6. జనులకు చెప్పవలసినది కొంచెమే. దినమునకు రెండుమాఱులు, అందు రాత్రి పరుండబోవునపుడు తప్పక, మెత్తని కుంచెతో తోముకొనవలయును. ఇటుకపొడియు ఇసుకయు పంటిని అరగదీయును. వేపపుల్ల వాడువారు దానిని మెత్తగా నమిలి, చిగురు చీరకుండ వాడవలయును.

ఇక గార తీయించినచో పండ్లు కదలునను అపోహ ఊరూర కలదు. నిజమునకు ఎముక అదివఱకే పోయియుండును. గార అడ్డుగా నిలిచి ఆ సంగతిని మఱుగుపఱచును. గోడ పునాది కరగిన తరువాత పైపూత రాల్చినవానిని నిందించుట న్యాయమా?

మహాశయులారా! ఆ బంట్రోతు నేటికిని పనిచేయుచున్నాడు. మిగిలిన పండ్లను కాపాడుకొనుచున్నాడు. చక్కెర అదుపులో నున్నది. పోయిన వ్రేళ్ళు మాత్రము రావు. మొదటి పన్ను కదలిననాడే ఎవరైన ఒక ప్రశ్న అడిగియున్నచో అవి దక్కియుండెడివేమో. ఆ ప్రశ్న అడుగు ఏర్పాటు మీ చేతిలో నున్నది. వచ్చు నెల పద్దులు వ్రాయునపుడు ఆ కాలమ్‌ను గీయించుడని వేడుకొనుచున్నాను.