తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?





మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పిల్లలకు మన సొసైటీ ఫీజులు కట్టడమే కాక స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా పెట్టిస్తోంది. ఈ పనిలో మా వల్ల జరిగిన ఒక పొరపాటును మీ ముందు ఉంచుతున్నాము.

గుడివాడ విద్యార్థిని ఒకరికి సొంత ఈమెయిల్ లేదు. మా కార్యకర్త తన గూగుల్ ఖాతాతోనే ఒక స్కాలర్‌షిప్ సైటులో ఆమె పేరు నమోదు చేశారు. తరువాత ఆయన ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లారు. ఫోన్ నంబరు మారింది. మరుసటి ఏడు రెన్యువల్‌కు ఆ అమ్మాయి ఖాతా తెరవలేకపోయింది. గడువు దాటిపోయింది. ఆ ఫీజు మీరిచ్చిన జకాత్ నుంచే కట్టాము. అది మరో నిరుపేద బిడ్డకు అందవలసిన సొమ్ము.

గూగుల్, ఫేస్‌బుక్ బటన్ నొక్కి లోపలికి వెళ్లడం సులువే. కొత్త పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర లేదు. కానీ ఆ ఒక్క ఖాతా చేజారితే దానిమీద ఆధారపడినవన్నీ చిక్కులో పడతాయి. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ తన లోపం వల్ల దాదాపు 5 కోట్ల ఖాతాలకు ముప్పు వచ్చిందని ప్రకటించింది. తరువాత ఆ సంఖ్యను 3 కోట్లకు సవరించింది. ఇతర సైట్లలోకి చొరబడిన ఆధారం దొరకలేదన్నా, ఒకే తాళంచెవితో ప్రమాదమేమిటో లోకానికి తెలిసింది.

ఈమెయిల్, పాస్‌వర్డ్ పద్ధతిలో ఒక్కో సైటుకు ఒక్కో తాళం పెట్టుకోవచ్చు. అయితే ఆ ఈమెయిల్‌ను వాడుతూ ఉండాలి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది.

1977 ఉప్పెన చూసిన దివిసీమ వారికి కాగితాలు పోతే కష్టమేమిటో చెప్పనక్కర లేదు. నేడు ఖాతా కూడా అటువంటి కాగితమే.

అందుకే ఇలా నిర్ణయించుకున్నాము. ప్రతి విద్యార్థికీ సొంత పేరుతో, ఇంటివారి ఫోన్ నంబరుతో ఈమెయిల్ తెరిపిస్తాము. దానికి రెండంచెల భద్రత పెట్టిస్తాము. స్కాలర్‌షిప్ వంటి ముఖ్యమైన ఖాతాలను ఆ ఈమెయిల్‌తో, విడి పాస్‌వర్డ్‌తో తెరిపిస్తాము. పాఠాల యాప్‌ల వంటివాటికి గూగుల్ బటన్ చాలు, అదీ విద్యార్థి సొంత ఖాతాతోనే. సొసైటీ ఖాతాలు సొసైటీ ఈమెయిల్‌పైనే ఉంటాయి. వాటి తాళం ఇద్దరు బాధ్యుల వద్ద ఉంటుంది. బాధ్యులు మారితే రాతపూర్వకంగా అప్పగిస్తారు.

మీ ఇళ్లలో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే నెలకు ఒక ఆదివారం ఈ పనికి పంపండి. అదీ సదఖాయే.

మీ సొమ్ము మా వద్ద అమానత్. బిడ్డ ఖాతా కూడా అమానతే. దానిని హక్కుదారు చేతికి అప్పగించినప్పుడే మా బాధ్యత తీరుతుంది.

అల్లాహ్ మన అందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.