తీరభూమి సాక్ష్యము: థార్న్‌డైక్ మొదలు రూత్ గాలవే వరకు



ఎవరి స్మృత్యర్థము ఈ యుపన్యాసము ఏటేట ఏర్పాటగుచున్నదో ఆ పెద్దలు వృత్తిచేత వృక్షశాస్త్రాధ్యాపకులు, ప్రవృత్తిచేత డిటెక్టివు నవలల వ్యసనపరులు; తమ పుస్తకములలో శాస్త్రగ్రంథములను కళాశాలకును, తక్కినవానిని ఈ గ్రంథాలయమునకును ఇచ్చిపోయినవారు గనుక, వారి పేర జరుగు సభలో వేదాంతమును విడిచి అపరాధపరిశోధనమును గూర్చి మాటాడుట అపచారము కాదని నా నమ్మకము. ఆయన తమ గుణగణములను ఎవరైన వర్ణింపబూనినచో లేచి బయటికి పోవు స్వభావము కలవారు. కావున నేరుగా విషయమునకు వచ్చెదను.

విషయము సముద్రతీరము. నేరము తీరమున జరుగగా, పోలీసువాడు కాక శాస్త్రమెరిగిన యొకరు ఇసుకను, గుల్లలను, బురదను, ఎముకలను పరీక్షించి నిజమును నిర్ణయించు నవలాపరంపర యొకటి ఇంగ్లీషున నున్నది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను చదువుచు పెరిగిన మనకు డిటెక్టివనగానే టెలిఫోను, కారు, పట్టణపు వీథులు మనసున మెదలును; ఆంగ్లపాఠకునకు షెర్లాక్ హోమ్స్ పుణ్యమా యని లండను పొగమంచు గుర్తునకు వచ్చును. ఐనను ఆ సాహిత్యమున వేరొక పాయ కలదు. దాని పుట్టిల్లు థేమ్సునది సముద్రమున కలియు ముఖద్వారప్రాంతము. దాని నేటి నివాసము అచటికి ఉత్తరముననున్న నార్‌ఫక్ మండలపు ఉప్పుపర్రలు. ఈ రెంటి నడుమ గడచిన నూరేండ్లలో శాస్త్రజ్ఞుడు తీరమును అడుగు ప్రశ్నయే మారిపోయినదని నేను విన్నవింపదలచినది.

రిచర్డ్ ఆస్టిన్ ఫ్రీమన్ 1862లో లండనున జన్మించెను. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో వైద్యము చదివి, నేటి ఘానాదేశమైన గోల్డ్‌కోస్టునకు వలసప్రభుత్వ వైద్యుడుగా పోయి, అశాంటి, జమాన్ రాజ్యములకు వెడలిన రాయబారమున పాల్గొని, మలేరియా ముదిరి వచ్చు బ్లాక్‌వాటర్ జ్వరముచేత ఆరోగ్యము చెడి 1891లో ఇంటికి మరలెను. వైద్యవృత్తిని నిలకడగా సాగించు బలము దేహమున లేకపోయెను. సంసారము మాత్రము సాగవలసియుండెను. అట్టి స్థితిలో కలము పట్టి, తొలుత ఒక జైలు వైద్యునితో కలిసి మారుపేరున కథలు వ్రాసి, తుదకు థేమ్సు ఒడ్డుననున్న గ్రేవ్సెండ్ పట్టణమున స్థిరపడి, 1907లో ‘ది రెడ్ థంబ్ మార్క్’ అను నవలతో డాక్టర్ జాన్ థార్న్‌డైక్‌ను లోకమునకు పరిచయము చేసెను. థార్న్‌డైక్ వైద్యుడు, న్యాయవాది, అన్నిటికంటె మించి ప్రయోగశాలవాడు. ఆకుపచ్చని గుడ్డ తొడిగిన చిన్నపెట్టెలో సూక్ష్మదర్శినితో సహా సకలపరికరములను ఇముడ్చుకొని, ప్రయోగశాలలో పోల్టన్ అను నేర్పరియైన సహాయకునిపై భారముంచి తిరుగును. సాక్షులను బెదరించుట, వేషములు మార్చుట, వీథులవెంట వెంబడించుట ఇవేవియు ఆయనకు గిట్టవు.

ఆ తొలి నవలకును మన దేశమునకును ఒక బాదరాయణసంబంధము కలదు. వ్రేలిముద్రల వర్గీకరణమును కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ అధికారమున అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిద్దరు పోలీసు ఉద్యోగులు తీర్చిదిద్దగా, 1897లో అచట వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అదే పద్ధతి 1901లో స్కాట్లండ్ యార్డునకు చేరెను. న్యాయస్థానములు ఆ ముద్రలను వేదవాక్యముగ గైకొనుటకు అలవాటుపడుచున్న తరుణమున, ముద్రను నకిలీగా సృష్టింపవచ్చునని ఫ్రీమన్ నవల వ్రాసెను! సంశయించుటకూడ శాస్త్రధర్మమేయని తొలి గ్రంథముననే చూపిన ఆ రచయిత తరువాతి కాలమున దానిని కొంత మరచినాడనుటకు హేతువులున్నవి. వానిని పిదప చెప్పెదను.

తీరకథలకు వచ్చినచో, 1909లో వెలువడిన ‘జాన్ థార్న్‌డైక్స్ కేసెస్’ అను సంపుటమున ఒక కథ యున్నది. హత్య జరిగినది లండనులో. సముద్రము కనుచూపు దూరమున లేదు. హతురాలి తలగడమీద నాలుగు ఇసుకరేణువులు మాత్రము పడియున్నవి. ఇతరులు దులిపివేయదగిన ఆ రేణువులను థార్న్‌డైక్ సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడగా అవి ఫోరామినిఫెరా అను సూక్ష్మజీవుల గుల్లలని తేలును. ఆ జాతులు బ్రిటిష్ తీరమునకు చెందినవి కావు, తూర్పు మధ్యధరాసముద్రమునకు చెందినవి. ఆ సముద్రమునుండి స్నానపు స్పంజీలు లండనునకు దిగుమతియగును. స్పంజీల గిడ్డంగిలో పనిచేయువాని దుస్తులయందు ఆ ధూళి అంటియుండును. కంటికి ఆనని గుల్ల యొకటి సముద్రము దాటివచ్చి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుట యనగా ఇదియే. ఈ కథలు పియర్సన్స్ పత్రికలో అచ్చయినప్పుడు సూక్ష్మదర్శినిలో తీసిన ఛాయాచిత్రములుకూడ ప్రక్కన ముద్రింపబడినవి. పాఠకుడు నమ్మనక్కరలేదు, చూడవచ్చునని ఫ్రీమన్ పంతము.

1912 నాటి ‘ది సింగింగ్ బోన్’ సంపుటముతో ఆయన కథారచననే తలక్రిందులు చేసెను. నేరమెవరు చేసిరో మొదటి భాగముననే కన్నులకు కట్టినట్లు చూపి, రెండవ భాగమున థార్న్‌డైక్ దానిని ఎట్లు కనిపెట్టునో చూడుమని పాఠకుని కూర్చుండబెట్టెను. అందొక కథ థేమ్సు ముఖద్వారమున గర్డ్లర్ అను ఇసుకమేటపై ఇనుపస్తంభముల మీద నిలిచిన దీపస్తంభమున జరుగును. శవము నీటిలో తేలివచ్చి దొరకును. ఓడప్రమాదమని అందరును తలంతురు. తలగాయములో ఇరుక్కొనియున్న గుల్లపెంకుల ముక్కలనుబట్టి, ఎల్లకాలము సముద్రపునీట మునిగియుండు ఏదో స్తంభమునకు తల మోదుకొన్నదని థార్న్‌డైక్ గ్రహించును. 1925లో వచ్చిన ‘ది షాడో ఆఫ్ ది వుల్ఫ్’ నవలలో ఇంతకంటె సూక్ష్మమైన సాక్ష్యము కలదు. టెరెబెల్లా అను సముద్రపు పురుగు తన చుట్టునున్న రాతినలుసులను ఏరుకొని జిగురుతో అంటించి గొట్టమువంటి గూడు కట్టుకొనును. సముద్రమున పడియుండి వెలికివచ్చిన వస్తువునకు అంటిన అట్టి గూటిలో ఫోనొలైట్ అను అగ్నిశిలాఖండములు కనబడగా, ఆ జాతి శిల కార్న్‌వాల్ కొనకు ఆవల సముద్రమున వుల్ఫ్ రాక్ అను బండకు చెందినది గనుక ఆ వస్తువు ఆ బండ సమీపముననే మునిగియుండెనని నిర్ణయమగును. ఏమియు నెరుగని పురుగు తన ఇల్లు తాను కట్టుకొనుచు చిరునామా వ్రాసిపెట్టినది. అపరాధపరిశోధక సాహిత్యమున ఇంతటి నిర్దుష్టమైన ఆధారమును నేను మరియొకచోట చూడలేదు.

వీనియన్నిటను థార్న్‌డైక్ తీరమును అడుగునది ఒక్కటే: ఎచట? తీరము నిస్సందేహముగా ప్రత్యుత్తరమిచ్చును. ఆ నిస్సందేహత యందే ఫ్రీమన్ బలమును, దౌర్బల్యమును ఇమిడియున్నవి. గుల్లలయందు చెల్లిన వర్గీకరణము మనుష్యులయందును చెల్లునని భ్రమించి, 1921లో ‘సోషల్ డికే అండ్ రీజనరేషన్’ అను పేర మనుష్యులలో మేలుజాతిని ఎంపికచేసి పెంచవలెనను వాదమును గ్రంథముగ వ్రాసెను. ఆయన కథలలో యూదుల చిత్రణము నేడు చదువుటకు రోతగొల్పును. పాత్రలు కొయ్యబొమ్మలనుట పాత విమర్శయే. పురుగుగూటిని వర్ణించునప్పుడు కలుగు ఉత్సాహము మనుష్యుని వర్ణించునప్పుడు ఆయనకు కలుగదు. 1943లో గ్రేవ్సెండ్‌లోనే ఆయన కన్ను మూసెను.

పిమ్మటి అర్ధశతాబ్దమును గూర్చి విస్తరింపను. థార్న్‌డైక్ ఒంటరిగా చేసిన పనులన్నియు ప్రభుత్వ ప్రయోగశాలలలో పదిమంది నిపుణులకు పంపకమైనవి. కథలలో డిటెక్టివు మరల పోలీసువాడయ్యెను. తీరమున శాస్త్రజ్ఞునకు మరల పని కలుగుటకు కథకులకంటె సముద్రమే ఎక్కువ తోడ్పడినదని చెప్పవలెను.

1998లో నార్‌ఫక్ ఉత్తరతీరమున హోమ్ అను గ్రామసమీపమున ఇసుక కొట్టుకొనిపోయి, నల్లని కుళ్లునేలలోనుండి వలయాకారముగ నాటిన 55 ఓక్ దుంగలు బయటపడినవి. వలయమధ్యమున పెద్ద ఓక్ మొద్దు వేళ్లు ఆకాశమునకు చాచి తలక్రిందుగ పాతబడియుండెను. దుంగల వార్షికవలయములను లెక్కించి అవి క్రీస్తుపూర్వము 2049వ సంవత్సరమున నరికిన చెట్లని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వానిపై గొడ్డళ్ల గాట్లుకూడ చెరగక నిలిచియున్నవి. పత్రికలు దానికి సీహెంజ్ అని పేరు పెట్టినవి. 1999లో దానిని త్రవ్వి తరలింపబోగా, ప్రాచీన పూజారుల వారసులమై డ్రూయిడులమని చెప్పుకొనువారును కొందరు గ్రామస్థులును అడ్డుపడిరి. పవిత్రస్థలమును సముద్రమునకు వదలుటయే న్యాయమని వారు, వదలినచో మిగులదని ప్రభుత్వపు పురాతత్త్వవేత్తలు. నేడు ఆ దుంగలలో కొన్ని కింగ్స్‌లిన్ పట్టణపు మ్యూజియమున నున్నవి. అదే తీరమున తూర్పుగా పోయినచో హేజ్‌బరో గ్రామమున మెత్తని మట్టికొండలు ఏటేట సముద్రమున కూలుచుండును. మన ఉప్పాడవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. 2013లో అచట పోటు తీసిన నేలపై 8 లక్షల సంవత్సరములకు పైబడిన మానవజాతి పాదముద్రలు కనబడగా, పరిశోధకులు ఆటుపోటుల నడుమ దొరికిన కొద్ది గంటలలో వర్షమున తడియుచు ఛాయాచిత్రములు తీసికొనిరి. కొద్దివారములలో అలలు ముద్రలను తుడిచివేసినవి.

ఈ తీరమును నవలలోనికి తెచ్చిన డొమెనికా డి రోసా అను రచయిత్రి భర్త లండనులో కొలువు మానుకొని పురాతత్త్వవేత్తయైనవాడు. ఒకనాడు వారు నార్‌ఫక్‌లో టిచ్‌వెల్ పర్రలమీద నడచుచుండగా, ప్రాచీనులకు ఈ నేల పవిత్రము, ఇది భూమియు కాదు, సముద్రమును కాదు, నడిమిది గనుక ఇహపరములకు వారధియని వారు తలచిరని ఆయన చెప్పెనట. ఆ మాటతోనే కథ స్ఫురించినదని ఆమె చెప్పుదురు. ఎలీ గ్రిఫిత్స్ అను కలంపేరుతో ఆమె వ్రాసిన ‘ది క్రాసింగ్ ప్లేసెస్’ 2009లో వెలువడెను. నాయిక రూత్ గాలవే కల్పితమైన నార్త్ నార్‌ఫక్ విశ్వవిద్యాలయమున ఎముకలు పరీక్షించు పురాతత్త్వాధ్యాపిక. నలుబదికి చేరువైన వయస్సు, కొంచెము స్థూలకాయము, పర్ర అంచున నొంటియిల్లు, రెండు పిల్లులు. పదేండ్ల క్రిందట తప్పిపోయిన బాలికకై అలమటించుచున్న హారీ నెల్సన్ అను పోలీసు అధికారి, పర్రలో దొరికిన ఎముకలు ఆ బాలికవేమోయని ఆమెను పిలుచును. ఆమె చూచి ఇవి రెండువేల యేండ్లకు పైబడిన ఇనుపయుగపు బాలిక యెముకలని చెప్పును. ఆమెకు అది మహాలాభము, ఆయనకు ఆశాభంగము. ఒకే గుంతవద్ద నిలిచిన ఇద్దరిలో ఒకరి సంతోషము ఒకరికి దుఃఖమగు ఆ ఘట్టము థార్న్‌డైక్ ప్రయోగశాలలో జరుగనేరదు.

ఇచట ప్రశ్న మారినదని గమనింపుడు. రూత్ తీరమును అడుగునది ఎచటయని కాదు, ఎప్పుడని. ఎముక నిన్నటిదైనచో పోలీసుల సొత్తు, మొన్నటిదైనచో మ్యూజియము సొత్తు. నడిమి కాలము మాత్రము ఎవరి సొత్తును కాక పీడించుచుండును. ‘ది హౌస్ ఎట్ సీస్ ఎండ్’ అను మూడవ నవలలో కూలిన కొండచరియ క్రింద ఆరు అస్థిపంజరములు బయటపడగా, ఐసోటోపుల పరీక్షచేత ఆ మనుష్యులు జర్మనీలో పెరిగినవారని తేలును. నేరము రెండవ ప్రపంచయుద్ధమునాటిది. కాని దానిని దాచినవారి ముదుసలి చేతులు ఇంకను సజీవములు. ఆ పైని ఇల్లు సముద్రమున పడనున్నది. హంతకుని పేరు చెప్పినచో ఈ గ్రంథాలయాధికారిగారు నన్ను మరల లోనికి రానీయరు.

లోపములు లేవని కాదు. ఒక చిన్న మండలమున ఒకే అధ్యాపిక చుట్టును పదునైదు నవలలకు సరిపడు హత్యలు జరుగుట విశ్వసనీయతకు మించినది. పోనుపోను రూత్, నెల్సనుల ప్రణయచిక్కులు, వారి కుమార్తె పెంపకము కథను ఆక్రమించి, ఎముకలు ప్రక్కకు జరుగును. కథ యావత్తును వర్తమానకాలక్రియలతో నడుచుట మొదట నాకు విసుగు పుట్టించినది. గతమును త్రవ్వు వృత్తిలోనిదాని కథకు భూతకాలము వాడకపోవుట ఉద్దేశపూర్వకమని ఒప్పుకొనుటకు రెండవ నవల పట్టెను. ఆమెకు తోడైన కాథ్‌బాడ్ అను డ్రూయిడు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలోనే ఉద్యోగి! సీహెంజ్‌వంటి త్రవ్వకమున అడ్డుపడినవాడును, త్రవ్వినవారును ఒకే బల్లవద్ద టీ త్రాగుటను ఫ్రీమన్ చూచినచో ముఖము చిట్లించెడివాడు. రూత్ అతని నమ్మకములను నమ్మదు, కాని కాదనుటకు తొందరపడదు. థార్న్‌డైక్ కోల్పోయిన సంశయగుణము ఈమెకు దక్కినది.

2023లో వచ్చిన ‘ది లాస్ట్ రిమెయిన్స్’ ఈ పరంపరలో తుదిది. అందు గోడలో బయటపడిన అస్థిపంజరముతో సమానముగ పాఠకుని కలవరపెట్టు సంగతి, విశ్వవిద్యాలయము రూత్ పనిచేయు పురాతత్త్వశాఖను మూసివేయబూనుట. ఇది కల్పనమాత్రము కాదు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయము తన ప్రసిద్ధమైన పురాతత్త్వశాఖను మూసివేయుటకు 2021లో నిర్ణయించినది. థార్న్‌డైక్‌కు సొంత ప్రయోగశాల, సొంత ధనము, పోల్టన్ సహాయము ఉండెను. రూత్‌నకు జీతము, శాఖ, విద్యార్థుల సంఖ్య కావలెను; అవి లేనినాడు ఎముకలు ఇనుపయుగమువో, నిన్నటివో నెల్సన్‌కు చెప్పువారుండరు. ఫ్రీమన్ కథలను ఏ వరుసలో చదివినను నష్టము లేదు. గ్రిఫిత్స్ నవలలను మాత్రము మొదటినుండి క్రమముగా చదువుడు, ఏలయన ఆమె పాత్రలకు వయస్సు మీరుచుండును.