జుట్టుకు ఇస్త్రీ

బళ్ళారిలో ఉంటూ బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మాలాంటివాళ్ళకు ఇస్త్రీ అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే. ఈమధ్య ఆ ఇస్త్రీ బట్టల మీది నుంచి తలమీదికి ఎక్కింది. ఉంగరాల జుట్టును తిన్నగా సాగదీసే ఆ వేడి పట్టకారును దుకాణంలో స్ట్రెయిట్‌నర్ అంటారు. మా ఇంట్లో పిల్లలు మాత్రం జుట్టుకు ఇస్త్రీ అనే అంటారు.

మా అన్నయ్య కూతురు కాలేజీలో చేరాక మా ఇంట్లోనే ఉండేది. దానిది ఒత్తైన ఉంగరాల జుట్టు. ఉదయం తొందరలో "ఆ పిచ్చుక గూడు సరిచేసుకుని రావే" అని నేనే అనేదాన్ని. ఎగతాళికే అన్నాను గాని, అది మనసులో పెట్టుకుంది. స్ట్రెయిట్‌నర్ కొనుక్కుంది. రోజూ జుట్టుమీద నీళ్ళు చిలకరించుకోవడం, ఆ పట్టకారు పట్టించడం. చుయ్‌మని శబ్దం, పైన పొగ. "నీళ్ళెందుకే?" అంటే, "బట్టలకు చల్లమా అత్తా?" అంది. సైన్సు పాఠాలు చెప్పే నాకు కూడా అది సబబుగానే తోచింది.

నూలుబట్ట వేరు, వెంట్రుక వేరు. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనది. మన గోళ్ళూ, ఎద్దుకొమ్ము పైపొరా ఆ సరుకే. పెంకుటింటి కప్పులాగా దానిపైన సన్నని పొలుసులు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. తడిపితే లోపలికి నీరు ఇంకుతుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. స్ట్రెయిట్‌నర్ 200 డిగ్రీల దాకా, కొన్నయితే అంతకు పైనా కాగుతాయి. ఇంకిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే వెంట్రుక లోపల బుడగలు ఏర్పడతాయి. బుడగ ఉన్నచోట అది పుటుక్కున తెగుతుంది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కానట్టే, అతివేడికి చెడిన ప్రోటీన్ మళ్ళీ మునుపటిలా కాదు. చర్మం కాలితే మానుతుంది. వెంట్రుకలో ప్రాణమున్న కణాలు లేవు కాబట్టి అది మానదు. అతికిస్తామని చెప్పే సీసాలు చాలావరకు పైకి నునుపు చేసేవే.

ఏడాది తిరక్కుండానే మా పిల్ల జడ సగానికి సగం చిట్లిపోయింది. క్లాసు ఫోటోకు తలమీద చున్నీ కప్పుకుని నిలబడింది. చివరికి మెడదాకా కత్తిరించాం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అడుగు జడ మళ్ళీ రావాలంటే రెండున్నరేళ్ళు! ఈలోగా డిగ్రీ కూడా అయిపోవచ్చింది. కొత్తగా వచ్చిన జుట్టుకు ఉంగరాలు తిరిగాయి. నేనిప్పుడు దాన్ని గూడు అనడం లేదు.

పూర్తిగా మానమని చెబితే మీ ఇంట్లో ఆడపిల్లలు వినరు. పెళ్ళికో పండుగకో చేసుకోనివ్వండి. జుట్టు పూర్తిగా ఆరాకనే, నూనె లేకుండా, ఒక పాయమీద ఒక్కసారే, వీలైనంత తక్కువ వేడితో. వేడి తగ్గించుకునే మీట లేని చవక పరికరం అసలు కొనకండి. ఇక డ్రయ్యరు సంగతి. 2011లో కొరియా పరిశోధకులు పరీక్షించి చూస్తే, దగ్గరగా పట్టి వేడి పెంచినకొద్దీ వెంట్రుక పైపొర దెబ్బతింది. 15 సెంటీమీటర్ల ఎడంగా, ఆపకుండా కదుపుతూ ఆరబెడితే నష్టం తక్కువ. అయినా మన బళ్ళారి ఎండాకాలంలో డ్రయ్యరుతో పనేముంది? తువాలుతో రుద్దకుండా అద్దుకుని, కాసేపు వసారాలో కూర్చుంటే అదే ఆరుతుంది. తడిజుట్టు సాగి తెగుతుంది గనుక, చిక్కు తీయడానికి పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన వాడండి.