స్థాలీపులాక న్యాయము - తీగలేని సెన్సార్లు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు చాలును. దీనికే పెద్దలు స్థాలీపులాక న్యాయమని పేరిడిరి. తీగ లేకయే వార్తలు పంపు సెన్సార్ల విషయమున నేటి శాస్త్రజ్ఞులును ఈ న్యాయమునే ఆశ్రయించిరి.

సెన్సారనగా వేడిని, తేమను, వెలుతురును కొలిచి రేడియో ద్వారా తెలుపు చిన్న పరికరము. 2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రతీరమున, గ్రేట్ డక్ దీవిలో, సముద్రపక్షుల బొరియలలోను వాని చెంతను 32 సెన్సార్ల నమర్చిరి. మనుష్యులు మాటిమాటికి పోయి చూచినచో పక్షులు బెదరి గూడు విడువవచ్చును గదా! కాని ఒక్కొక్క సెన్సారునకు ఆధారము రెండు పెన్సిలు బాటరీలే. అవి తీరినచో సెన్సారు మూగవోవును. మార్చుటకు పోయినచో పక్షులు బెదరును.

బాటరీని హరించునది గణనము కాదు, సంభాషణము. ఒక్క బిట్టును పంపుటకగు శక్తితో సుమారు 800 ఆదేశములను అమలు జరుపవచ్చునని పరిశోధకులు అంచనా కట్టిరి. వినుటకై రేడియోను తెరచియుంచుటయు వ్యయమే. కావున సెన్సారు ఎంత నిదురించిన అంత పొదుపు.

పోనీ, శక్తి వెచ్చించి తెచ్చిన కొలత నిక్కమా? అదియు సందేహమే. 2004లో బర్క్‌లీ నగరమందలి ఇంటెల్ పరిశోధనశాలలో 54 సెన్సార్ల నమర్చిరి. బాటరీలు సన్నగిల్లినపుడు వానిలో కొన్ని, గది వేడి 100 డిగ్రీలు దాటినదని తెలిపినవి!

సందేహము తప్పనపుడు దానిని లెక్కలోనికి తీసికొనుటయే మేలు. ఆ యేడే దేశ్‌పాండే, గెస్ట్రిన్, మాడెన్, హెలర్‌స్టీన్, హాంగ్ అను పరిశోధకులు ఇట్టి మార్గమును ప్రకటించిరి. "అర డిగ్రీ అటునిటుగా, నూటికి 95 పాళ్ల నమ్మకముతో వేడి యెంతయో చెప్పుము" అని మనము అడుగుదుము. ఏ సెన్సారు కొలత దేనితో కలసి హెచ్చుతగ్గులగునో కంప్యూటరు పూర్వపు కొలతలవలన నేర్చియుండును. ఆ ఊహకు కోరినంత నమ్మకమున్నచో ఏ సెన్సారును మేల్కొల్పదు. చాలనిచో ఒకటి రెంటిని మాత్రమే అడుగును. మిగిలినవి నిదురించును.

అయితే కుండ అడుగున మాడిన సంగతిని పైమెతుకు చెప్పజాలదు. నిన్నటి అలవాటును నమ్మిన ఊహకు, నేడు ఒక మూల అంటుకొనిన నిప్పు కానరాకపోవచ్చును. అందుచేత మరికొందరు వేరొక ఏర్పాటు చేసిరి: కంప్యూటరు చేయు ఊహనే సెన్సారును తనలో తాను చేసికొనును, తన కొలత దానితో సరిపోలినచో ఊరకుండును, భిన్నమైనచో వెంటనే పలుకును.

కాబట్టి ఎంత నిక్కము అవసరమో ముందుగా మనమే నిర్ణయించుకొనవలెను. పక్షిగూటి వెచ్చదనమునకు అర డిగ్రీ తేడా పెద్ద లోపము కాదు. నిప్పు విషయమున మాత్రము మౌనము పొదుపు కానేరదు.